వర్టస్ జీటీ 1.5: ఇంజిన్‌కు వంక పెట్టలేం, ఆలోచించాల్సింది గేర్‌బాక్సు దగ్గరే

వైజాగ్‌లో అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు ఎలా ఉంటుందో కార్లు డిజైన్ చేసేవాళ్లకు ఎవరైనా ఒకసారి చూపించాలి. రోడ్డు మీంచి నిట్టనిలువుగా దిగుతుంది. కింద ఒక స్తంభం, స్తంభానికి ఆనించి పక్క ఫ్లాటు వాళ్ల బైకు. తిప్పుకునే చోటు లేక చాలామంది రివర్స్‌లోనే పైకి ఎక్కిస్తారు, అది కూడా అంగుళం అంగుళం. ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ ప్లస్ 1.5లో మాన్యువల్ తీసుకోవాలా, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్ తీసుకోవాలా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ ర్యాంపు మీదే దొరుకుతుంది.

ముందు ఇంజిన్ సంగతి. 1,498 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపే పరికరం), డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే). పవర్ 150 పీఎస్, టార్క్ (లాగే బలం) 250 ఎన్ఎం. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసేది 150నే అయినా, రోజూ కాలి కింద తెలిసేది మాత్రం ఆ 250. అది 1,600 ఆర్‌పీఎంకే పూర్తిగా అందుతుంది, 3,500 దాకా తగ్గదు. ఆనందపురం దాటాక హైవే మీద లారీ వెనక ఇరుక్కున్నారనుకోండి, నాలుగో గేరులో ఉన్నా సరే, గేరు దించకుండా దాటేయొచ్చు. 1,600 కంటే కింద తొక్కితే మాత్రం ఒక్క క్షణం తటపటాయిస్తుంది. టర్బో ఇంకా గాలి నింపుకోలేదన్నమాట. పాత డీజిల్ బళ్లకు అలవాటుపడి మూడో గేరులోనే స్పీడ్ బ్రేకర్ ఎక్కించేవాళ్లు ఈ బండికి రెండో గేరు అలవాటు చేసుకోవాలి. ఆగి ఉన్న చోటు నుంచి వంద కి.మీ. వేగానికి సుమారు 9 సెకన్లు. ఈ ధరలో, ఈ సైజు సెడాన్‌లో అది నిజంగానే వేగం.

ఇంజిన్‌లో ఇంకో మంచి పనితనం ఉంది. కాలు తేలిగ్గా ఉంచి, ఒకే వేగంతో పోతున్నప్పుడు మధ్యలోని రెండు సిలిండర్లను ఆపేస్తుంది. కవాటాలు మూసుకుంటాయి, పెట్రోలు పడదు, మిగతా రెండే బండిని లాగుతాయి. డిజిటల్ మీటర్‌లో ఆ మాట కనిపిస్తుంది, చెవికి మాత్రం తేడా తెలియదు. ఆనందపురం - అనకాపల్లి ఆరు వరసల రోడ్డు మీద టాప్ గేరులో 80-90 మధ్య నిలకడగా పోతే ఎక్కువసేపు రెండు సిలిండర్ల మీదే ఉంటుంది. అలా నడిపితే లీటరుకు 17-18 కి.మీ. ఇవ్వడం కష్టం కాదు. అదే బండి ఏసీ వేసుకుని ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గాజువాక మధ్య సాయంత్రం ఆరింటికి తిరిగితే 10-12కు పడిపోతుంది. ట్రాఫిక్‌లో ఆ రెండు సిలిండర్ల మోడ్‌కు అవకాశమే రాదు మరి. ట్యాంకు 45 లీటర్లు కాబట్టి, ఊళ్లోనే తిరిగేవాళ్లు బంకు కుర్రాడికి బాగా పరిచయమవుతారు.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ శక్తి ఉంటుంది. ఆ లెక్కన మైలేజీ 6-7 శాతం తగ్గడం సహజం, అందుకని బండిని అనుమానించక్కర్లేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మన ఊరి గాలిలో తేమకు కొదవ లేదు. నెలల తరబడి బండి కదపకుండా పెట్టేవాళ్లు ట్యాంకు అడుగంటనివ్వకుండా, నిండుగా ఉంచి పెట్టాలి. 95 ఆక్టేన్ (ఖరీదైన ప్రీమియం రకం) పెట్రోలు తప్పనిసరి కాదు. అరకు ఘాటీ ఎక్కబోయే రోజు ఒక ట్యాంకు పోయించుకుంటే ఎండలో, ఫుల్ లోడు మీద ఇంజిన్ కాస్త హాయిగా లాగుతుంది.

ఇక అసలు గొడవ.

డీఎస్‌జీ అంటే ఏడు గేర్లు, రెండు క్లచ్‌లు. ఒక క్లచ్ మీద 1, 3, 5, 7. రెండో క్లచ్ మీద 2, 4, 6తో పాటు రివర్స్. ఒక గేరులో పోతుండగానే తర్వాతి గేరు అవతలి క్లచ్ మీద సిద్ధంగా ఉంటుంది. అందుకే మారినట్టే తెలియదు. భీమిలి బీచ్ రోడ్డు మీద తెన్నేటి పార్కు దాటాక వచ్చే మలుపుల్లో స్టీరింగ్ వెనక ప్యాడిల్ ఒకటి లాగితే టక్కున గేరు దిగుతుంది, ఆ మజా వేరే ఆటోమేటిక్‌లో రాదు. ఈ గేర్‌బాక్సు పేరు డీక్యూ200. ఇందులో క్లచ్ ప్లేట్లు పొడిగా ఉంటాయి, నూనెలో మునిగి ఉండవు. నూనె లేకపోతే రాపిడి నష్టం తక్కువ, మైలేజీ ఎక్కువ. కానీ వేడిని తీసుకుపోయే దారి గాలి ఒక్కటే. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. డీక్యూ200ను డిజైన్ చేసిందే 250 ఎన్ఎం వరకు. ఈ ఇంజిన్ ఇచ్చేది సరిగ్గా అంతే. అంటే చేతిలో మిగులు ఏమీ లేదు.

మాన్యువల్ బండిని ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో నిలబెడితే క్లచ్ ప్లేటు కాలుతుందని డ్రైవింగ్ స్కూల్ మొదటి వారంలోనే చెబుతారు. డీఎస్‌జీలో క్లచ్ పెడల్ ఉండదు కాబట్టి ఆ మాట అందరూ మర్చిపోతారు. హనుమంతవాక దగ్గర బండి నడక వేగంతో పాకుతున్నంతసేపూ లోపల జరిగేది హాఫ్ క్లచ్చే. సెల్లార్ ర్యాంపు మీద రివర్స్‌లో, బ్రేక్ వదుల్తూ పట్టుకుంటూ ఎక్కిస్తే రెండో క్లచ్ మీద పడే భారం ఇంకా ఎక్కువ. వేడి హద్దు దాటితే మీటర్‌లో గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వస్తుంది. అది వచ్చాక కూడా తోస్తే ప్లేటు గ్లేజు పట్టి (వేడికి గాజులా నున్నబడి), ఫస్ట్ నుంచి సెకండ్‌కు మారేటప్పుడు బండి వణుకుతుంది. ఆ వణుకు ఒకసారి మొదలైతే దానంతట అది పోదు.

ఈ గేర్‌బాక్సుకు పాత చరిత్ర కూడా ఉంది. 2013లో ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల డీఎస్‌జీ ఉన్న దాదాపు 16 లక్షల కార్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచి సింథటిక్ నూనె తీసేసి మినరల్ నూనె పోసింది. వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట్ల, ఎక్కువగా ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో ఆ సింథటిక్ నూనె వల్ల లోపలి ఎలక్ట్రానిక్స్‌లో కరెంటు సమస్యలు రావడమే కారణం. వేడి, తేమ, ఆగుతూ సాగే ట్రాఫిక్: చదివితే మే నెలలో మద్దిలపాలెం జంక్షన్ కళ్లముందు కనబడుతుంది. ఇప్పుడొచ్చే బళ్లలో ఆ నూనె లేదు, లోపలి భాగాలూ మెరుగుపడ్డాయి. ఆ పాత లోపాన్ని వర్టస్‌కు అంటగట్టడం అన్యాయం. పొడి క్లచ్ స్వభావం మాత్రం ఏమీ మారలేదు.

డీఎస్‌జీయే కావాలి అంటే నడిపే పద్ధతి మార్చుకోవాలి. ట్రాఫిక్‌లో ముందు బండితో పాటు అడుగడుగు జరగొద్దు. రెండు కార్లంత జాగా ఏర్పడనిచ్చి ఒకే ఊపులో కదలండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. నిమిషం దాటి ఆగాల్సి వస్తే న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం అసలు వద్దు. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఒకటి రెండు సెకన్లు ఆపుతుంది, ఆలోపు కదిలిపోవాలి. సెల్లార్‌లోకి రివర్స్‌లో దిగి, ముందుకు ఎక్కే అలవాటు చేసుకుంటే సగం బెడద తప్పుతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకునేటప్పుడు మెకాట్రానిక్ యూనిట్ అందులోకి వస్తుందో రాదో నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి. గేర్లను కదిలించే హైడ్రాలిక్ పంపు, ఎలక్ట్రానిక్ బుర్ర ఒకే డబ్బాలో కలిసి ఉండే భాగం అది. అది పోతే ఒక్కోసారి సరి గేర్లు మాయమవుతాయి, ఒక్కోసారి బేసి గేర్లు, మీటర్‌లో గేరు అక్షరం మిణుకు మిణుకుమంటుంది. బాగుచేయించడం చవక వ్యవహారం కాదు.

మాన్యువల్ జీటీ ప్లస్ 2023లో వచ్చింది. ఆరు గేర్లు. క్లచ్ పెడల్ ప్రయాణం కాస్త ఎక్కువ, పొట్టివాళ్లు సీటు ఒక మెట్టు ముందుకు జరుపుకోవాల్సి వస్తుంది. గేరు రాడ్ బిగువుగా, ఖచ్చితంగా పడుతుంది. హ్యుందాయ్‌లో లాగా వెన్నలో దించినట్టు ఉండదు. రెండో గేరులో పది కి.మీ. వేగానికి కూడా దగ్గకుండా పోతుంది కాబట్టి ట్రాఫిక్‌లో అనుకున్నంత కాలు నొప్పి ఉండదు. క్లచ్ ప్లేటు పోయినా ఏ మంచి మెకానిక్కైనా అర్థమయ్యే పని, డీఎస్‌జీతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. పైగా షోరూమ్‌లో మాన్యువల్ ధర లక్షకు పైగా తక్కువగా ఉంటూ వచ్చింది. విశాఖలో 1.5 కొనేవాళ్లకు నా ఓటు దీనికే. స్టాక్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. షోరూమ్‌ల వాళ్లు డిస్‌ప్లేకు పెట్టేదీ, టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చేదీ ఎక్కువగా ఆటోమేటిక్కే.

ఎడమ మోకాలు ఒప్పుకోదు, ఆటోమేటిక్ తప్పదు అనేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఇదే వర్టస్‌లో 1.0 టర్బో. మూడు సిలిండర్లు, 115 పీఎస్, 178 ఎన్ఎం. దాంతో వచ్చే ఆరు గేర్ల ఆటోమేటిక్ టార్క్ కన్వర్టర్ రకం. దాన్లో ఇంజిన్‌కు, గేర్లకు మధ్య నూనె పనిచేస్తుంది, వేడిని ఆ నూనే మోసుకుపోతుంది. ర్యాంపు మీద ఎంతసేపు పాకించినా పెద్దగా లెక్కచేయదు. ప్యాడిల్ లాగినప్పుడు డీఎస్‌జీ చురుకు ఉండదు, హైవేలో లారీని దాటేటప్పుడు ముందే ఆలోచించుకోవాలి. సీతమ్మధార - సిరిపురం - ద్వారకానగర్ తిరిగే బండికి అంతకంటే అక్కర్లేదు.

టెస్ట్ డ్రైవ్ హైవే మీద పది నిమిషాలు తిప్పి తెచ్చేస్తే అన్ని కార్లూ బాగానే ఉంటాయి. సాయంత్రం వేళ అడగండి. ఇంజిన్ బాగా వేడెక్కాక పదిహేను నిమిషాలు జంక్షన్ల మధ్య పాకించండి, తర్వాత ఒక ఎత్తు రోడ్డు మీద ఆపి కదపండి. ఫస్ట్ నుంచి సెకండ్‌కు మారేటప్పుడు రేడియో, ఏసీ బ్లోయర్ రెండూ ఆపేసి వినండి. వణుకు గానీ, టకటకమనే చప్పుడు గానీ ఉంటే అప్పుడే తెలుస్తుంది. కుదిరితే మీ సెల్లార్‌లోకే తీసుకెళ్లండి. ర్యాంపు పైన రోడ్డుతో కలిసే అంచు దగ్గర అడుగు తగులుతుందేమో కూడా తేలిపోతుంది. ఖాళీ బండికి నేల నుంచి 179 మి.మీ. ఎత్తు చెబుతారు. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండితే అంత ఉండదు. 521 లీటర్ల డిక్కీ కదా, మనవాళ్లు ఖాళీగా వదలరు. కాలనీల్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటించాలి. కింద ఇనుప ప్లేటు వేయించుకోమని షాపుల్లో చెబుతారు. అది గాలి దారి మూసేసి కింద వేడి నిలిచేలా చేస్తుంది, ముఖ్యంగా పొడి క్లచ్ డీఎస్‌జీకి అది మంచిది కాదు.

అరకు ఘాటీలో ఈ కారు అసలు గుణం బయటపడుతుంది. శృంగవరపుకోట, బొడ్డవర దాటి అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్‌లకు రెండో గేరు, మధ్య దారికి మూడో గేరు, అంతే. టర్బో ఉంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ ఊపిరి ఆడనట్టు అనిపించదు. చట్రం గట్టిది, మలుపులో ఒళ్లు పెద్దగా ఒరగదు. దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఇంత పవర్ ఉన్న బండికి వెనక డిస్కులు ఇవ్వకపోవడం పిసినారితనమే. ఎక్కిన గేరులోనే దిగండి, డీఎస్‌జీ అయితే ప్యాడిల్‌తో మూడో గేరులో పట్టి ఉంచండి. బ్రేకు మీద కాలు ఆనించి కిందిదాకా వచ్చేస్తే పెడల్ మెత్తబడుతుంది, చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది.

ఆ డ్రమ్ములకు మన ఊళ్లో ఒక సుగుణం లేకపోలేదు. ఆర్కే బీచ్, లాసన్స్ బే, రుషికొండ వైపు రాత్రంతా బయట నిలిపిన కారు ముందు డిస్కులు చూడండి, పొద్దుటికి నారింజ రంగు తుప్పు పొర కనిపిస్తుంది. రెండు మూడు సార్లు బ్రేకు వేస్తే గీసుకుపోతుంది, కంగారు అక్కర్లేదు. వారాల తరబడి నిలిపేస్తే మాత్రం అది గుంటలు పడుతుంది. డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. ఉప్పుగాలి ఎక్కువగా దెబ్బతీసేది ముందు గ్రిల్ వెనకున్న ఏసీ కండెన్సర్‌ను. దాని అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి, ఆనక గ్యాస్ లీకు. పదిహేను రోజులకోసారి మామూలు నీళ్లతో, తక్కువ ఒత్తిడితో గ్రిల్ లోంచి కండెన్సర్‌ను, చక్రాల గూళ్లను, అడుగు భాగాన్ని కడిగించండి. ఎక్కువ ప్రెషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి. పోర్టు, గాజువాక వైపు ఉండేవాళ్లకు దుమ్ము వేరే సమస్య. సర్వీసు 15,000 కి.మీ.కు లేదా ఏడాదికి అని పుస్తకంలో ఉన్నా, ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్ ఆరు నెలలకోసారి తీసి చూడాలి. ఇంజిన్ ఆయిల్ కూడా 10,000 దగ్గరే మార్చేస్తే టర్బోకు మేలు. ఆయిల్ డబ్బా మీద పుస్తకంలో రాసిన ఫోక్స్‌వాగన్ అప్రూవల్ నంబరే ఉండాలి, ఒక్క గ్రేడు కలిస్తే చాలదు.

లోపలి టెక్నాలజీ కలగూరగంప. 10 అంగుళాల తెర చురుగ్గా ఉంది, వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో పనిచేస్తుంది. వైర్‌లెస్ చార్జర్ మీద ఫోన్ పెడితే అట్లపెనంలా కాలుతుంది, మ్యాప్ పెట్టుకుని పోయేటప్పుడు కేబులే నయం. అనంతగిరి దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వెనక కెమెరా చీకటి సెల్లార్‌లో మసకగా చూపిస్తుంది. ఏసీకి బటన్లు తీసేసి టచ్ ప్యానెల్ పెట్టారు. చెమట చేత్తో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చల్లదనం పెంచడం దాంతో అయ్యే పని కాదు. ముందు సీట్లకు గాలి వచ్చే ఏర్పాటు ఉంది, మన ఉక్కపోతకు అది పైసా వసూల్. టైరు ప్రెషర్ హెచ్చరిక ఉంది, కానీ ఏ టైరులో ఎంతుందో అంకె చూపదు. చక్రం తిరిగే వేగాన్ని బట్టి ఊహిస్తుంది. కాబట్టి గాలి పట్టించిన ప్రతిసారీ మెనూలోకి వెళ్లి రీసెట్ నొక్కాలి, లేకపోతే ఉత్తపుణ్యానికి అరుస్తుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, 2023 గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దలకు, పిల్లలకు ఐదేసి స్టార్లు వచ్చాయి.

దీంతో పోల్చదగ్గవి రెండు. స్కోడా స్లావియా 1.5 లోపల ఇదే బండి, ఏ షోరూమ్ వాళ్లు మంచి ధర, మంచి సర్వీసు ఇస్తే అది తీసుకోండి. హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో 160 పీఎస్, నేరుగా పోతే ఇంకా వేగం, ఫీచర్లు ఎక్కువ, వెనక డిస్కులు కూడా ఇచ్చారు. మలుపుల్లో స్టీరింగ్ చెప్పే కబుర్లు మాత్రం వర్టస్‌లోనే ఎక్కువ.

కొన్న వారానికే రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించి 180 పీఎస్ చేద్దామనుకునే కుర్రాళ్లకు: డీఎస్‌జీ మీద వద్దు. పైన చెప్పిన 250 ఎన్ఎం గీత గుర్తుంది కదా, రీమ్యాప్ మొదట పెంచేది టార్క్‌నే. క్లచ్ జారడం మొదలైతే వారంటీ అడగడానికి నోరుండదు.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు డీఎస్‌జీ అయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక ఒకసారి నడపాలి. స్కానర్ పెట్టించి గేర్‌బాక్సులో పాత ఫాల్ట్ కోడ్‌లు ఉన్నాయేమో చూడాలి. అమ్మేవాడు నిన్ననే కోడ్‌లు చెరిపేసి ఉంటే స్కానర్‌లో అంతా శుభ్రంగా కనిపిస్తుంది, అందుకే ఆ అరగంట డ్రైవ్ తర్వాత రెండోసారి స్కాన్ చేయించాలి. ఆపైన ఒక టార్చి లైటు తీసుకుని గ్రిల్ కింది సందులోంచి కండెన్సర్ మీద వేయండి. కింది వరస రెక్కలు వేలితో తాకితే పొడిలా రాలాయంటే ఆ బండి బీచ్ వైపు ఆరుబయట పెరిగిందన్నమాట. కొత్త కండెన్సర్, గ్యాస్, కూలీ కలిపి కొటేషన్ తెచ్చుకుని ఆ మొత్తం ధరలోంచి తగ్గించమనండి.